ఐదింటికల్లా రిపోర్టు

"ఈ వారంలో ఆ రిపోర్టు ఐదింటికల్లా రాకపోతే నీ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాడు గోదాం మేనేజరు. అన్నది ఎదురుగా నిలబడ్డ అమ్మాయితోనే గానీ, గొంతు పెంచింది మాత్రం చేతిలో ఉన్న ఫోన్లో భార్య వినాలని.

ఆ మందుల గోదాంలో రోజూ సరుకు నిల్వ రిపోర్టు వచ్చాకే తలుపులకు తాళం పడాలి. ఐదింటికి మీట నొక్కితే అది ఎప్పుడో చీకటి పడ్డాక, నీరసంగా వచ్చేది. అందాకా మేనేజరూ, స్టోర్‌కీపరూ, లారీల సూపర్‌వైజరూ గది తలుపు దగ్గరగా వేసుకుని దానికోసం పడిగాపులు పడేవారు, పాపం. మేనేజరు భార్య రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగేది. ఆయన కంప్యూటర్ని నాలుగు తిట్టి పెట్టేసేవాడు. ఇవాళ తిట్టడానికి మనిషే దొరికింది.

డేటాబేసు చూసుకోవడానికి కొత్తగా వచ్చిన ఆ అమ్మాయిని అందరూ డేటాబేసమ్మ అనేవారు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే, ఖాయం కావాలంటే ఆ కాగితం మీద మేనేజరు సంతకం పడాలి. అది ఊడితే మళ్ళీ అక్కయ్య ఇంటికి చేరి, పొద్దస్తమానం బావగారి ఎత్తిపొడుపులు వింటూ బతకాలి. అంతకంటే ఎంత కష్టమైనా నయమే అనుకుందామె.

మేనేజరు ఫోన్ ఆమె చేతికిచ్చి, నువ్వే సమాధానం చెప్పుకో అన్నాడు.

"నీ నంబరియ్యమ్మాయ్," అంది అవతలి గొంతు. "ఆయన్నడిగితే సరిగ్గా చెప్పరు. రిపోర్టు ఎన్నింటికొస్తుందో ఇకనుంచి నిన్నే అడుగుతాను."

మొగుడికోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న ఇల్లాలు! డేటాబేసమ్మ మనసు కరిగిపోయి నంబరు చెప్పేసింది.

కొత్త మిషను కొనిపడేస్తే పోతుందని స్టోర్‌కీపరు ఉచిత సలహా ఇచ్చాడు. రోగమేమిటో తెలియకుండా మందు మింగకూడదని, మందుల గోదాంలో నిలబడి చెప్పాల్సి వచ్చింది ఆమెకి. ముందు డేటా మొత్తానికి కాపీ తీసి, ఆ కాపీ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూసుకుంది. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆ తరవాత, ఈ రిపోర్టు కోసం నువ్వు ఏ దారిన పోతున్నావని డేటాబేసునే అడిగింది. అడిగితే అది చెబుతుంది, అడిగేవాళ్ళే ఉండరు.

చూస్తే, గోదాం తెరిచిన కొత్తలో ఉన్న గుప్పెడు సరుకు లెక్కే ఇంకా దాని బుర్రలో ఉంది. గుప్పెడే కదా అని రోజూ మొదటినుంచి చివరిదాకా అన్నీ తడుముకుంటూ పోతోంది. పైగా వెనకటివాళ్ళు ఫిర్యాదు వచ్చినప్పుడల్లా చిరుగుకి మాసిక వేసినట్టు ఒక ఇండెక్సు, అంటే ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ, తగిలించి వెళ్ళారు. ఒక్క బిల్లు ఎక్కాలన్నా ఆ ఇండెక్సులన్నీ సవరించుకుంటూ అది ఆయాసపడుతోంది. డేటాబేసమ్మ దాని బుర్రలోని ఆ పాత లెక్క తాజా చేసింది, పనికిరాని ఇండెక్సులు పీకేసింది, కావలసిన చోట ఒకటి పెట్టింది. అదీ ఒక్కొక్కటిగా, ముందు కాపీలో నడిపించి చూసుకునే. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో బ్రహ్మదేవుడికీ తెలియదు.

వారం తిరక్కుండానే, మీట నొక్కి టీకప్పు అందుకునేలోపు రిపోర్టు వచ్చి కూర్చుంది. మేనేజరు ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి ఇంటికి వెళ్ళాడు. మర్నాడూ అదే మొహం. ఆ మర్నాడు ఆమెను గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"అది మళ్ళీ ఎప్పట్లా అవుతుందా?" అన్నాడు గుసగుసగా.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన బల్ల సొరుగు లాగాడు. లోపల పేకముక్కలు, అరిగి మెత్తబడినవి.

"అది వచ్చేదాకా ముగ్గురం కాలక్షేపానికి ఆడుకునేవాళ్ళం. ఇంట్లో పేకముక్క కనపడిందంటే మా ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది."

"మరి వారంలో చెయ్యమన్నది మీరేగా సార్?"

"ఇన్నేళ్ళుగా ఎవరివల్లా కానిది నీ వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను," అన్నాడాయన దిగులుగా.

బల్లమీద ఆమె కాగితం ఉంది. పక్కనే మూత తీసిన పెన్ను. బాగుచెయ్యకపోతే సంతకం లేదన్న మనిషి ఇప్పుడు చెడగొట్టకపోతే సంతకం లేదంటున్నాడు. చేతులారా బాగుచేసినదాన్ని చేతులారా పాడుచెయ్యడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఒప్పుకోకపోతే బావగారు గుర్తొస్తున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఎవరో చూడగానే డేటాబేసమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. ఆవిడ అండ ఉంటే ఈయన సంతకం ఎందుకు పెట్టడో చూద్దామనుకుంది.

"మేడమ్ గారే సార్. మీరు పెందలాడే ఇంటికి వస్తున్నందుకు ఎంత సంబరపడుతున్నారో మీ చెవులతో మీరే వినండి," అని స్పీకరు నొక్కి, ఫోన్ బల్లమీద పెట్టింది.

"అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది, ఆ రిపోర్టుని మళ్ళీ ఎప్పట్లా చేసెయ్యి తల్లీ," అంది ఫోన్లో గొంతు. "స్టోర్‌కీపరుగారి ఆవిడా, సూపర్‌వైజరుగారి ఆవిడా వచ్చి కూర్చుని పట్టుమని ఒక్క ఆటైనా పూర్తికాకుండానే ఈయన గుమ్మంలో దిగుతున్నారు, నిన్నయితే ముక్కలు పరుపుకింద తోసి జ్వరమని పడుకున్నాను, ఆయనతో మాత్రం అనకేం, మా ఆయనకి పేకాటంటే అస్సలు గిట్టదు."