ఆ నోట మల్లేశ్ పేరు

చెప్పు వచ్చి గోడకు తగిలింది.

మంచం పక్కన మోకాళ్ల మీదున్న కృపావరం కళ్లు తెరవలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"...అయ్యప్ప, జైబున్నీసా, మల్లేశ్..."

రెండో చెప్పు వీపుకు తగిలింది.

"మా తమ్ముని పేరెందుకు తీస్తున్నవ్ ర?" పై మంచం మీంచి దూకాడు ఆశన్న.

దుబాయ్ అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఆ గదికి ఆశన్న వచ్చి ఒక్క రోజే అయింది. అంతకుముందు నాలుగేళ్లు అబుదాబి అవతల రువైస్‌లో పనిచేశాడు. వచ్చిన సాయంత్రమే తన గోడు గదిలో అందరికీ చెప్పుకున్నాడు. తమ్ముడు మల్లేశ్ రెండేళ్ల కింద కరోనాలో ఈ దుబాయ్‌లోనే పోయాడు. దారులన్నీ మూసేశారు, అన్న రువైస్ దాటి రాలేకపోయాడు. చివరికి ఊరికి చేరింది ఓ చిన్న డబ్బాలో బూడిద.

"తలకొరివి పెట్టెటోడు లేక అనాథ లెక్క కాలిండు నా తమ్ముడు. పక్కన ఒక్కడన్న నిలవడ్డడని తెలిస్తే వాని కాళ్లు కడుగుత," అని ఏడ్చాడు.

అందరూ ఓదార్చారు. యాభై దాటిన ఈ కృపావరం ఒక్కడే మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆ మంట ఆశన్నకు అప్పటినుంచే ఉంది.

"రోజూ ప్రార్థనలో చెప్పుకునే పేర్లే బాబూ," అన్నాడు కృపావరం.

"నీ నోట్లెకెల్లి ఆ పేరొస్తెనే మైల! సచ్చినోన్ని సుత మీ మతంల కలుపుతవా?"

కృపావరం అతని ముఖంలోకి చూశాడు. 

"సరే బాబూ. పైకి అనను."

అనలేదు. పెదవులు మాత్రం కదిలేవి. ఆశన్నకు అదీ పడలేదు. కృపావరం తినే గిన్నెను అతను గది వంటలోంచి వేరు చేయించాడు. మోకాళ్ల మీదికి వంగగానే ఫోన్లో పాటలు మోతగా పెట్టేవాడు. గదిలో పెద్దవాడు గంగాప్రసాద్ కూడా అడ్డు చెప్పలేదు. నోరులేని మనిషి కోసం ఎవరు మాట పడతారు?

కృపావరం మంచం తలవైపు ఒక ఆడమనిషి ఫొటో అంటించి ఉండేది.

"నీ పెండ్లామా?" అని ఒకనాడు అడిగాడు ఆశన్న.

"అవును, సువార్త. అదే కరోనాలో భీమవరం దగ్గర మా ఊళ్లో పోయింది."

"గామెనే కాపాడనోడు ఇంకేం దేవుడు ర నీకు?"

"కాపాడలేదు," అన్నాడు కృపావరం. "ఎందుకని అడిగాను. ఏడ్చాను, తిట్టాను కూడా. జవాబు రాలేదు. అయినా ఆయన్ని కూడా వదిలేస్తే నాకింకెవరున్నారు బాబూ?"

"సిగ్గు లేదు," అన్నాడు ఆశన్న.

రంజాన్ పండక్కి వారం ముందు అతను క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, గీయన మతం మారుస్తున్నడు. మావోళ్ల పేర్లు తీసి మంత్రాలు చదువుతున్నడు."

క్యాంప్ బాస్ కృపావరాన్ని పిలిపించాడు. "ఎవరి పేర్లు? ఎందుకు? ఒక్క మాట చెప్పు, వదిలేస్తా," అన్నాడు హిందీలో.

కృపావరం పక్కనే ఉన్న ఆశన్న వైపు చూశాడు.

"తెలిసినవాళ్లవి సార్," అని ఊరుకున్నాడు.

ఈ దేశంలో మతం మార్పిడంటే జైలు మాట. కంపెనీకి ఆ తలనొప్పి అక్కర్లేదు. "ఖలాస్," అన్నాడు క్యాంప్ బాస్. మూడు రోజుల్లో వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కించారు.

"ఉంటాను బాబూ, ఒళ్లు జాగ్రత్త," అన్నాడు కృపావరం వెళ్తూ.

ఆశన్న మొహం తిప్పుకున్నాడు. ఆ కింది మంచం కిటికీ పక్కది. సాయంత్రానికల్లా తన పరుపు అక్కడ వేసుకున్నాడు.

పండగ మధ్యాహ్నం ఒకాయన తలుపు తట్టాడు. చేతిలో సేమ్యా పాయసం డబ్బా.

"కృపావరం అన్న ఉండాడా? నా పేరు హయాత్ బాషా, మాది కడప. ఏటా పండక్కి ఆయనకు పాయసం తెస్తా."

"లేడు. మతం మారుస్తుండని పంపించిండ్రు."

"ఆయనా?" హయాత్ బాషా డబ్బా కింద పెట్టేశాడు. "కరోనా వచ్చిన సంవత్సరం శవాల బండి తోలినోన్ని నేను. ఎవురూ ముట్టేవాళ్లు కాదు. ఆ మనిషి పర్మిట్ రాయించుకుని, డ్యూటీ అయినాక దినామూ నాతో వచ్చె. మావాళ్లయితే మట్టి, మీవాళ్లయితే కర్పూరం, ఎవురి పద్ధతి వాళ్లకు. ఒక్కరి మీద కూడా శిలువ గుర్తు పెట్టలేదు. వాళ్ల పేర్లే పొద్దున్నే చెప్పుకుంటాడు. పరాయి మతమోడు చేసినాడని తెలిస్తే ఇంటోళ్లు నొచ్చుకుంటారని ఎవురికీ చెప్పడు."

గంగాప్రసాద్ లేచి కూర్చున్నాడు.

"పెండ్లాం పోయిన దినమైనా ఆగమంటి. విమానాల్లేవు, ఊర్లో ఎవురో పరాయోళ్లు పూడ్చినారంట. 'దానికి అక్కడ ఎవరో చేశారు బాషా, నేనిక్కడ ఎవరికో చెయ్యాలి' అని బండెక్కె."

"ఎవలకు చేసిండు... ఆ దినం?" అడిగాడు ఆశన్న.

"జగిత్యాల దిక్కు పిల్లోడు, మల్లేశ్ అని. శవంతో వచ్చిన కాగితంలో వాళ్లన్న పేరు ఉండె, ఆ అన్న రువైస్‌లో ఇరక్కపోయినాడంట. ఇంటోళ్లు పెట్టాల్సిన తలకొరివి నేనెట్ల పెట్టేదని కృపావరం అన్న శానాసేపు అట్లే నిలబడె. ఆమీట కర్పూరం ముట్టించి, శవప్పెట్టె మీద చెయ్యి పెట్టి అన్నాడు, 'తమ్ముడూ, ఇది మీ అన్న ఆశన్న చెయ్యి అనుకో' అని."