పార్కింగులో పాయ

...అయినా పచ్చి చేపల వాసనకి అసహ్యం వెయ్యాలి గానీ, నిద్రెందుకు ముంచుకొస్తుంది?

బాల్కనీలో నిలబడి సుధాకర్ అదే ఆలోచిస్తున్నాడు.

చేపలు ముట్టని ఇల్లు తమది. అయినా ఆ వాసన సోకితే ఒళ్ళు బరువెక్కుతుంది. ఎవరి భుజం మీదో తల వాల్చినట్టుంటుంది.

నాన్న భుజమే అయ్యుంటుంది. చిన్నప్పుడు తుఫాను నీళ్ళలోంచి తనని మోసుకొచ్చింది ఆయనే కదా.

మరి నాన్న దగ్గర చేపల వాసనేమిటి?

జవాబు దొరకని ప్రశ్న చివరికి కోపమైంది. ఆ కోపం చేపలమ్మే ముసలామె మీదికి మళ్ళింది.

కాకినాడలో ఒకప్పటి సముద్రపు ఒడ్డు మీద లేచిన అపార్టుమెంట్లవి. డ్రెడ్జర్లతో ఇసుక తోడి పోసి, పాయ పూడ్చి, సముద్రాన్ని కంటికి ఆనకుండా అవతలికి నెట్టేశారు.

ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియనట్టే ఉండేది. గంప నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ళ పైకి ఎగదోపి, పొడి పార్కింగులో నీళ్ళలో నడిచినట్టు అడుగులు ఈడుస్తూ రోజూ దాటేది.

కిందటి వారం, అసోసియేషన్ సెక్రటరీ హోదాలో, ఆమెను ఆపమని వాచ్‌మన్ వీరబాబుకి చెప్పాడు.

"ఈ పాయ దాటి ఎల్లిపోతాను బాబూ," అందామె గేటు దగ్గర.

"పాయేంటే మామ్మా, పార్కింగు! తడిసిపోతావా ఏంటి?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. పైనుంచి సుధాకర్ కూడా.

ఆమె లోపలికి చూస్తూ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగింది. ఆ తర్వాత రాలేదు.

"కాఫీ చల్లారిపోతోందిరా. ఏంటా పరధ్యానం?"

పెనుగొండలో చెల్లెలి దగ్గరుండే తల్లి మాణిక్యాంబ ఆ ఉదయమే వచ్చింది. ఆమెను నవ్విద్దామని ముసలామె కథ చెప్పాడు. లుంగీ ఎత్తి, హాల్లో నడిచి చూపించాడు.

అచ్చం ఆమెలాగే, ఎడమ చెయ్యి భుజం దగ్గర బిగించి. కుడి చెయ్యి వెనక్కి చాచి, వేళ్ళు మూస్తూ, తెరుస్తూ.

మాణిక్యాంబ పకపకా నవ్వింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇంకోసారి నడు."

నడిచాడు.

"ఆ ఎడం చెయ్యి..."

"ఇలాగేనమ్మా. భుజం మీద ఎవరి కాలో పట్టుకున్నట్టు."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"నూకాలు," అంది. "పోర్టు క్వార్టర్సులో ఉండగా మన పక్క గుడిసె ఆవిడదే. తుఫాను రోజు మీ నాన్న గోడౌన్‌లో చిక్కుకుపోయారు. నా చేతుల్లో మీ చెల్లి. ఆ భుజం మీద ఉన్నది నువ్వేరా."

"నాన్న మోసుకొచ్చారన్నావు కదా!"



లిఫ్టు కోసం ఆగకుండా సుధాకర్ మెట్లు దిగాడు.

"వీరబాబూ, ఆ చేపల మామ్మ ఎక్కడుంటుంది?"

"ఇంకెక్కడండీ, నిన్న పోయిందండి. పొద్దున్నే పాడె మన గేటు దాకా తెచ్చారండి. పార్కింగులోంచి తీసుకెళ్ళమని కోరుకుందంటండి. మీ ఆర్డరు కదాని గేటు తియ్యలేదండి."

"...గొడవ పడ్డారా?"

"లేదండి. కాసేపు దింపి, మళ్ళీ ఎత్తుకుని, చుట్టు తిరిగి ఎల్లిపోయారండి."

సుధాకర్ మూసి ఉన్న గేటు వంక చూశాడు. వెనక తల్లి వచ్చి నిలబడింది.

"అమ్మా, మరి కుడి చెయ్యి? అది వెనక్కెందుకు చాచేది?"

మాణిక్యాంబ కార్ల వంక చూసింది.

"ఇక్కడే, ఈ పాయలో, ఆ చెయ్యి పట్టుకుని ధనరాజు నడిచాడు. ఆవిడ కొడుకు. నీ ఈడువాడే. పెద్ద అల వచ్చిందిరా. ఆవిడ నిన్ను వదల్లేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మాట నీకెలా చెప్పమంటావు?"

సుధాకర్ చెప్పులు విడిచాడు.

"ఎండండి, కాళ్ళు కాల్తాయండి," అంటున్నాడు వీరబాబు.

లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని, అడుగులు ఈడుస్తూ కార్ల మధ్య సగం దూరం నడిచి, సుధాకర్ కుడి చెయ్యి వెనక్కి చాచి, వేళ్ళు తెరిచి నిలబడ్డాడు.