చివర వచ్చే కారు

“నెల చందా రెండింతలా? ఏం తల్లీ, ఆటలేమైనా బంగారంతో చేయిస్తున్నారా?”

ఫోనులో గొంతు ఎవరో పెద్దాయనది. అడిగింది కోపంగా కాదు, నీరసంగా.

ఆన్‌లైన్ ఆటలు అద్దెకిచ్చే కంపెనీలో ఆమెకు ఆ పొద్దున ఇది నలభయ్యో ఫోను. ధర పెంచింది పైవాళ్లు, తిట్లు తినేది ఫోను దగ్గర కూర్చున్నవాళ్లు.

“కొత్త ధర కడితేనే ఖాతా ఉంటుంది సార్. లేదంటే ఇప్పుడే మూసేయాలి.”

“అంత ఇచ్చుకోలేనమ్మా. ఈ ఒక్క సాయంత్రం ఉంచు. నాతో ఆడేవాళ్లకు వెళ్తున్నానని చెప్పుకుంటాను.”

గాజు గదిలోంచి సూపర్‌వైజర్ గుడ్లురుముతున్నాడు. బేరాలాడేవాళ్లతో ఎక్కువసేపు మాట్లాడకూడదని ఆయన హుకుం.

“రూల్స్ ఒప్పుకోవు సార్.”

“పోనీలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు!”

ఆమెకు మనసు చివుక్కుమంది. అయినా మీట నొక్కేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ టీవీ ముందు ముఖం వేలాడేసుకుని కూర్చుంది. పక్షవాతంతో ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు ఆడిస్తుండాలని డాక్టరు చెబితే, ఉద్యోగులకు ఉచితంగా వచ్చే ఖాతాలో కూతురే కార్ల పందెం నేర్పింది. వ్యాయామమంటే ఆమడ దూరం పారిపోయే మనిషి దీనికి మాత్రం అతుక్కుపోయింది.

“ఇవాళ అందరికంటే వెనక నేనేనే. ఇక ఆడను.”

“రోజూ వెనక నువ్వేగా అమ్మా!”

“నోరు ముయ్యి! నా వెనక నత్త ఉండేవాడు, నాకన్నా మొద్దు. వాణ్ని చూసుకునే నాకింత ధైర్యం. ఏడాదిగా ఒక్కరోజూ మానలేదు. ఇవాళ రాలేదు.”

నత్త అన్నది అమ్మ పెట్టిన పేరు. తెర మీద కనిపించేది ఖాతా నంబరే. నిన్నటి పందెం ఫలితాల్లో అది చూడగానే కూతురు గుర్తుపట్టింది. పొద్దున తను మూసిన ఖాతా.

మర్నాడు సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడింది.

“మూసింది తెరవడం నా చేతిలో కూడా లేదమ్మా.”

“ఆయన ఫోను నంబరైనా ఇవ్వండి సార్!”

“ఖాతాతోపాటే చెరిగిపోయింది. ఆటల రికార్డు ఒక్కటే మిగులుతుంది, కావాలంటే చూసుకో.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా రికార్డు తెరిచి చూసింది.

ఏడాది కిందటి వరకు ఆ నత్త ఆడిన ప్రతి పందెంలోనూ మొదటి స్థానం. అమ్మ ఆట మొదలుపెట్టిన మొదటి వారం నుంచి ప్రతి పందెంలోనూ అమ్మ వెనకే, అందరికన్నా చివర.