అత్తయ్య డాక్టరేటు

హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మా అత్తయ్యకు డాక్టరేటు చేయాలని బుద్ధి పుట్టింది. రెండు చోట్ల సీటొచ్చింది. ఎడ్యుకేషన్ అయితే మా వీధి చివరి కాలేజీలోనే, సాయంత్రాలు వెళ్ళి రావచ్చు. సైకాలజీ అయితే దూరాన పెద్ద ఊళ్ళో, మూడేళ్ళు అక్కడే ఉండాలి.

"ఏది తీసుకోమంటావే?" అన్నారు, నేను బట్టలు మడతపెడుతుంటే.

మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మధ్యలో ఒక కర్టెన్. ఇటు మేమిద్దరం గుసగుసలాడితే అటు అత్తయ్య దగ్గుతారు. పెళ్ళయి ఏడాదైనా మా ఆయనతో పైకి నవ్వింది లేదు.

"నాకేం తెలుసత్తయ్యా? ఆరో తరగతితో ఆపేసినదాన్ని."

"తోచింది చెప్పు."

"సైకాలజీ!" అనేసి నాలుక కరుచుకున్నాను. "అంటే... మనుషుల మనసులు మీకు ఇట్టే తెలిసిపోతాయి కదా."

అత్తయ్య కళ్ళజోడు పైనుంచి నన్ను కాసేపు చూశారు. "సరే, సైకాలజీయే," అన్నారు.

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. అటక మీది పెట్టె నేనే దించి, దుమ్ము దులిపి, ఆవిడ చీరలు సర్దడం మొదలుపెట్టాను.

"ఆ రెండో పెట్టె కూడా దించు."

"అక్కడ ఇన్ని చీరలెందుకత్తయ్యా?"

"అది నీకే, పిచ్చిమొద్దూ! ఒక్కదాన్నే ఉంటాననుకున్నావా? ఇద్దరికీ సరిపోయే గది చూశాను. నీచేత పదో తరగతి పరీక్ష కట్టిస్తాను. మీ ఆయన సెలవులకు వస్తాడులే."

చేతిలో చీర జారిపోయింది. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి గొంతెత్తాను.

"ఎడ్యుకేషనే మంచిదత్తయ్యా!"