గుట్ట అవతలి బంతి

గుంటలో పాతిన జెండా కర్రకి జానెడు దూరంలో తెల్లటి బంతి. చుట్టూ అప్పుడే తడిపిన పచ్చిక.

పళ్ళ డాక్టరు కళ్ళు మూసుకుంటే చాలు, అదే కనిపిస్తుంది. ఆయన గోల్ఫ్ జన్మలో కొట్టిన ఒకే ఒక్క గొప్ప షాట్ అది.

ఆ సంగతి ఆయన చెప్పని మనిషి లేడు. ముఖ్యంగా పేషెంట్లకి. నోటి నిండా దూది కుక్కి ఉంటుంది కనుక, పాపం, వాళ్ళు వద్దనలేరు.

ఇంటికి చుట్టాలొస్తే భార్యే మాట అందిస్తుంది. "ఆ గోల్ఫ్ షాట్ సంగతి చెప్పండి."

వినేవాళ్ళకి నవ్వులాటే గానీ, ఆ షాట్ ఆయనకి అన్నం పెడుతోంది.

రెండేళ్ళ కిందట ఆయన ఒక పెద్దమనిషికి పుచ్చిన పన్ను వదిలేసి, పక్కనున్న మంచి పన్ను పీకేశాడు. ఆ మనిషి పల్లెత్తు మాట అనలేదు. మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి డాక్టరుకి చేతులు వణకడం మొదలైంది. కాఫీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకునేవాడు. క్లినిక్‌కి తాళం పడింది.

అప్పుడొచ్చాడు బావమరిది, భార్య తమ్ముడు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా గోల్ఫ్ మైదానానికి లాక్కెళ్ళాడు.

చాన్నాళ్ళు కర్ర బంతికి తగలక మట్టి తవ్వడమే అయింది. ఒకనాడు, గుట్ట అవతలున్న జెండా కనపడకుండానే, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి ఎటు పోయిందో కూడా చూసుకోలేదు. బావమరిది ముందుగా పరిగెత్తాడు. అవతలి నుంచి కేక వినిపించింది.

"బావా! జెండా పక్కనే ఉంది!"

మర్నాడే క్లినిక్ తలుపులు తెరుచుకున్నాయి.

కొట్టే ముందు నీ మంచి షాట్‌ని తలుచుకో, మనసు చెదరదు అనేది మైదానంలో ఆట నేర్పే మాస్టారు చెప్పిన చిట్కా. డాక్టరు దాన్ని క్లినిక్‌కి తెచ్చుకున్నాడు. పట్టకారు అందుకునే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. బంతి కనిపిస్తుంది. చెయ్యి నిలుస్తుంది.

ఈ ఆదివారం బావమరిది తన కొత్త ఆఫీసరుని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనకి ఆట కొత్త. గుట్ట దగ్గర ఆయన కొట్టిన బంతి కుడివైపు పొదల్లోకి పోయింది. డాక్టరు కళ్ళారా చూశాడు. ఆఫీసరు మాత్రం ఎండకి కళ్ళు చికిలించి ఆకాశంలో వెతుకుతున్నాడు.

"నేను ముందెళ్ళి చూస్తా సార్," అని బావమరిది పరుగందుకున్నాడు.

కాసేపటికి అవతలి నుంచి కేక.

"సార్! జెండా పక్కనే ఉంది!"

అదే గొంతు. అదే సంబరం. డాక్టరు గతుక్కుమన్నాడు.

వెళ్ళి చూస్తే నిజంగానే అక్కడుంది బంతి. బావమరిది జేబులోంచి చెయ్యి బయటికి తీస్తున్నాడు. ఆఫీసరు ఉబ్బితబ్బిబ్బయిపోయి ఫోన్లో ఫోటోలు తీసుకుంటున్నాడు.

తర్వాతి చోట మొదట డాక్టరు వంతు. కళ్ళు మూసుకున్నాడు. బంతి కనిపించింది. ఎన్నడూ లేనిది, దాని పక్కన బావమరిది బూటు కూడా కనిపించింది.

కొట్టాడు. బంతి కదల్లేదు. మట్టిపెళ్ళ ఎగిరింది.

ఆఫీసరు నీళ్ళు తాగడానికి వెళ్ళగానే డాక్టరు బావమరిదిని పక్కకి లాగాడు.

"ఆయన బంతి పొదల్లోకి పోయింది కదరా?"

బావమరిది నవ్వాడు. "నీ దగ్గర దాపరికమేముంది బావా. చూడు, ఎట్లా వెలిగిపోతున్నాడో!"

"మరి నాది?"

నవ్వు ఆగింది. వంగి బూటు లేసు బిగించుకున్నాడు.

"నీది వేరు బావా."

"వేరంటే?"

అప్పుడే ఆఫీసరు తిరిగొచ్చి, మళ్ళీ ఆ షాట్ గురించే మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చే దారంతా డాక్టరుని ఆ మాటే తొలిచేసింది. వేరంటే తనది నిజమైన షాటనా? లేక తన బంతిని పెట్టింది వేరే కారణంతోననా?

ఇన్నాళ్ళూ తోచనివన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. ఇంట్లో ఆ షాట్ మాటెత్తినప్పుడల్లా బావమరిది ఫోన్ చూసుకుంటూ వరండాలోకి జారుకునేవాడు. అసలు తనని మైదానానికి లాక్కెళ్ళమని అతనికి ఎవరు చెప్పారు? అదీ ఎన్నడూ అడగలేదు.

కోపం వచ్చింది. ఆ వెనకే భయం వేసింది. రేపు పొద్దున్నే జ్ఞానదంతం తీయించుకోవడానికి ఒకావిడ వస్తుంది.

భార్య వంటింట్లో బీన్స్ తుంచుతోంది. డాక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు."

"అడగండి. దానికంత ముఖం గంటు పెట్టుకోవాలా?"

"ఆ రోజు నా బంతిని మీ తమ్ముడే జెండా దగ్గర పెట్టాడా?"

బీన్స్ తుంచడం ఆగింది.

ఆమె ఆయన ముఖంలోకి చూడలేదు. ముందు ఆయన చేతుల వైపు చూసింది.