చిన్ననాటి ఆకులు

"చంపేశావు కదయ్యా! నిక్షేపంలాంటి చెట్టును నిలువునా చంపేశావు!"

గ్లెనిస్ అరుపుకు పెరటి కంచె మీది పిట్టలు లేచిపోయాయి. మెర్వ్ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. వరండా బల్ల మీద, పళ్ళెంలాంటి కుండీలో, నిన్నటిదాకా నిటారుగా ఉన్న, వాళ్ళు గమ్ చెట్టు అని పిలిచే యూకలిప్టస్ మొక్క ఇప్పుడు బొటనవేలంత మోడు. కొమ్మలూ ఆకులూ నేలమీద కుప్పగా పడి ఉన్నాయి.

"చంపలేదే, కత్తిరించాను. బోన్సాయ్ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పేదే ఇది. మొదలు దగ్గర ఉల్లిపాయలా బుడిపె ఉంది, చూడు. గమ్ చెట్టు ప్రాణమంతా అందులోనే. కార్చిచ్చులో అడవంతా మాడిపోయినా ఆ బుడిపెలే మళ్ళీ చిగురిస్తాయి."

"మన వరండాలోకి కార్చిచ్చు వచ్చిందా? నువ్వొచ్చావు, అంతే!"

ఆమె అంత మండిపడడంలో తప్పులేదని మెర్వ్‌కీ తెలుసు. ఈత మడుగు ఒడ్డున ఉండిన పెద్ద ఎర్రగమ్ రకం చెట్టుకు మిగిలిన బిడ్డ అది. ఊళ్ళో పిల్లలందరూ ఆ చెట్టు కొమ్మకు కట్టిన తాడు పట్టుకుని ఊగి, మడుగులోకి దూకి పెరిగినవాళ్ళే. తాడు వదలడానికి భయపడి గాల్లో కేకలు పెడుతున్న గ్లెనిస్‌ని మెర్వ్ మొదటిసారి చూసింది అక్కడే. "వదిలెయ్, నేను పట్టుకుంటా" అన్నాడు. ఆమె వదిలింది. అతను పట్టుకోలేకపోయాడు. ఇద్దరూ కలిసి మునిగి, కలిసి లేచి, పగలబడి నవ్వుకున్నారు.

వరదకి ఆ చెట్టు కూలిన రోజు మెర్వ్ ఒడ్డున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బురదలోంచి కాయలు ఏరుకొచ్చి, గింజలు చల్లి మొలిపించాడు. పొద్దున్నే టీ కప్పుతో ఆ మొక్క ముందు కాసేపు నిలబడకపోతే అతనికి తెల్లవారినట్టే ఉండదు.

ఎండలు ముదిరాయి. మోడు మోడుగానే ఉంది. ఇంట్లో మాటలు కూడా మోడుబారిపోయాయి. "టీ", "ఉప్పు", "తలుపెయ్", అంతే.

అక్కడ నడివేసవిలో వచ్చే క్రిస్మస్ దగ్గరపడుతుండగా బుడిపె మీద ఎర్రటి చుక్కలు లేచాయి. చుక్కలు చిగుళ్ళయ్యాయి.

"గ్లెనిస్! బతికిందే! రా, చూడు!"

పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. వంగి చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఇది మన చెట్టు కాదు."

"ఏంటీ?"

"మన చెట్టువి కొడవళ్ళలాంటి పొడుగాకులు. ఇవి బిళ్ళల్లా గుండ్రంగా ఉన్నాయి. మార్చేశావు! ఎండిపోతే ఎండిపోయిందని చెప్పొచ్చుగా? నర్సరీలో ఇంకోటి కొనుక్కొచ్చి పెట్టేస్తావా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతణ్ణి సోమరి అంది, చెవిటి మాలోకం అంది. మోసగాడు అని మాత్రం ఏనాడూ అనలేదు.

"అసలలాంటి ఆలోచన మనిషన్నవాడికి వస్తుందా?" అన్నాడు.

"ఎందుకు రాదు? వస్తుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం మెర్వ్ ఒక చేత్తో కుండీనీ, ఇంకో చేత్తో పెళ్ళాన్నీ పట్టుకుని క్లబ్బుకి బయల్దేరాడు. అక్కడ కొత్తవాళ్ళకి పాఠం చెప్పే ట్రూడీ కుండీని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేసింది.

"చెట్టు మారలేదు గ్లెనిస్. మొదలంటా కోస్తే గమ్ చెట్టు మళ్ళీ పసితనంలోకి వెళ్ళిపోతుంది. ముందు చిన్నప్పటి ఆకులే వేస్తుంది. పొడుగాకులు పెద్దయ్యాక వస్తాయి. కొత్తలో అందరూ ఇలాగే హడలిపోతారు."

"విన్నావా?" అన్నాడు మెర్వ్, ఛాతీ విరుచుకుని.

"నాదే తప్పు మెర్వ్" అంది గ్లెనిస్. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ట్రూడీ అక్కడితో ఆగితే బాగుండేది. "కానీ ఇది ఎర్రగమ్ అని ఎవరన్నారు మీకు? ఎర్రగమ్‌కి చిన్నప్పుడైనా సరే, కాడని ఇలా కరుచుకునే గుండ్రటి ఆకులు రావు. ఇది పసుపుగమ్, వేరే రకం. నర్సరీల్లో ఎక్కడ చూసినా ఇదేగా!"

మెర్వ్ భార్య వైపు చూశాడు. ఆమె బిస్కెట్ల పళ్ళెం వైపు చూస్తోంది. మోకాలి ఆపరేషనయ్యాక తను ఇంటికొచ్చిన రోజు గుర్తొచ్చింది. తను గుమ్మం దాటకముందే, అడగకముందే, "చెట్టు బాగానే ఉంది" అందామె. వడగాలులు కొట్టిన వారం అది.

ఈత మడుగు చెట్టు ఇంక ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ పొద్దున్నే తను పలకరించింది ఎవరి బిడ్డనో. కానీ మండే ఎండలో ఆ కుండీకి గొడుగు పట్టుకుని నిలబడిన గ్లెనిస్ కూడా గుర్తొచ్చింది. అంత అవస్థా ఎవరి కోసమో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేనే వేరే చెట్టు కాయలు ఏరుకొచ్చినట్టున్నాను ట్రూడీ" అన్నాడు నవ్వుతూ. "ఆ రోజు కళ్ళనిండా నీళ్ళు. ఏం కనబడి చచ్చింది గనక!"

తిరుగుదారిలో కుండీ గ్లెనిస్ ఒళ్ళో ఉంది. వంతెన పక్కన కారాపి, మెర్వ్ ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అదే వాసన. మన మడుగు వాసన."

"మెర్వ్, నీ మోకాలి ఆపరేషనప్పుడు..." గ్లెనిస్ కుండీని దగ్గరికి లాక్కుంది.

"తెలుసులేవే. ఎండిపోతే మార్చావు, అంతేగా? ఇక వదిలెయ్, నేను పట్టుకుంటా."

"అంతే కాదు మెర్వ్. అప్పుడు ఎండిపోయింది నీ చెట్టు కాదు, అంతకుముందు నేను కొన్నది. ఇది మూడోది."