పిందె పడని చిక్కుడు

“కొట్టకమ్మాయ్. అది నీ పూలు తినడానికి రాలేదు.”

చిక్కుడు పందిరి చుట్టూ తేనెటీగల మీదికి తువ్వాలు విసురుతున్న ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కంచె అవతల ఓ పెద్దావిడ నిలబడి ఉంది. చాలా దూరం నడిచొచ్చినట్టు కాళ్ళ నిండా దుమ్ము. ఆ ముఖాన్ని ఆమె ఒకే ఒక్కసారి చూసింది, అదీ దూరం నుంచి. అయినా పోల్చుకుంది. ఎత్తిన తువ్వాలు అలాగే ఆగిపోయింది.

“పిల్లని కుడతాయని తోలుతున్నా,” అంది.

“తేనెటీగ వాలకపోతే పిందె ఎలా పడుతుంది? పిల్లనే కాస్త దూరంగా కూర్చోబెట్టు.”

పందిరి కింద నేలంతా రాలిన పూలతో ఊదారంగుగా ఉంది. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోతోంది. ఈ చిక్కుడు గింజలు ఆమె భర్త ఎక్కడినుంచో జేబులో వేసుకొచ్చి, ఒక్కటి కూడా మిగల్చకుండా నాటేశాడు. అవి మొలకెత్తకముందే, పనినుంచి సైకిలు మీద వస్తూ, మలుపులో వ్యాను కింద పడి చనిపోయాడు. కాయ కాసి, ఎండి, గింజ చేతికొస్తేనే వచ్చే ఏడు ఆ తీగ ఉంటుంది. లేకపోతే ఆయన చేత్తో నాటింది ఇంతటితో సరి.

“లోపలికి రానా?” అని అడిగింది పెద్దావిడ.

ఆమె గడియ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తీసింది.

పెద్దావిడ కొంగు నడుముకి దోపుకుని, పాదులో వేలు పెట్టి చూసింది.

“ఎరువు ఎంత వేశావు?”

“బలం రావాలని, గుర్తొచ్చినప్పుడల్లా వేశాను.”

“అందుకే ఆకు అంత ఏపుగా ఉంది. నీ పిల్లకీ ఇలాగే కుక్కి కుక్కి పెడతావా?”

“అవును,” అంది గడప మీద కూర్చున్న బుడంకాయ. ఇంట్లో ఆ పిల్లని అందరూ పిలిచే పేరు అది.

పెద్దావిడ నవ్వబోయి ఆగిపోయింది. “ఇక ఎరువు మానెయ్. సాయంత్రం పాదునిండా నీళ్ళు పోసి, పైన ఎండుగడ్డి కప్పు. వేరుకి దాహమైతే తీగ ముందు పూతనే వదిలేసుకుంటుంది. తేనెటీగలు మళ్ళీ అలవాటు పడేదాకా వాటి పని మనమే చెయ్యాలి. ఇదిగో, కింది రేకు మీద వేలు ఇలా ఆనించు. నొక్కకు. ఈగ వాలినంత బరువు చాలు.”

పువ్వు కొద్దిగా విచ్చుకుని, లోపలినుంచి సన్నటి తెల్లటి పోగు బయటికొచ్చింది.

“నాలుక చాపింది,” అని బుడంకాయ కిలకిలా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. పెద్దావిడ ముఖం తిప్పుకుంది.

అప్పట్నుంచి రోజూ పొద్దు వాలే వేళకి వచ్చేది. ఇంట్లో మాత్రం అడుగుపెట్టేది కాదు. మంచినీళ్ళు ఇవ్వబోతే “దాహం లేదమ్మా” అనేది. తలుపు తీసి ఉంటే గోడకున్న ఆయన ఫొటో కనబడుతుందని అటు వీపు పెట్టి పని చేసేది. వారంలో ఒక రోజు వచ్చేది కాదు. మర్నాడు వచ్చినప్పుడు కళ్ళు వాచి ఉండేవి. ఎందుకని ఆమె అడగలేదు.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఊరుకుంటుందా? గోడ మీదుగా తల పెట్టి అడగనే అడిగింది.

“ఎవరే? మీ అత్తగారా? పెళ్ళికి రాలేదు, పిల్ల పుట్టినా రాలేదు, ఇప్పుడు కొడుకు పోయాక పాదులు చెయ్యడానికొచ్చిందా?”

“మెల్లగా అక్కా, ఆవిడ వింటుంది.”

“విననీ.” గొంతు ఇంకా పెంచింది. “ఏం లాభం పెద్దమ్మగారూ, మొక్క బతికితే మనిషొస్తాడా? తాగి వ్యాను తోలినవాడు జైల్లో హాయిగా తిని పడుకుంటున్నాడు. వాణ్ణి కన్నావిడ కడుపు కూడా ఇలాగే...”

“అక్కా,” అంది ఆమె గట్టిగా. “నీ మిషను మీద గుడ్డ కింద పడింది. చూసుకో.”

తల గోడ అవతలికి పోయింది. పెద్దావిడ వేళ్ళ మధ్య పువ్వు నలిగిపోయి ఉంది.

“నా చెయ్యి మంచిది కాదమ్మా. పని నేర్చుకున్నావుగా. రేపట్నుంచి నువ్వే చేసుకో.”

“నాకు చేతకాదు. పిల్లకి దగ్గొచ్చినా నాకు కాళ్ళూ చేతులూ ఆడవు, ఇక దీన్నేం చూస్తాను? మీరే రండి.”

పెద్దావిడ మర్నాడూ వచ్చింది.

తర్వాత ఒక పొద్దున, రాలిన పువ్వు చోట బుడంకాయ గోరంత పచ్చగా ఏదో కనబడింది. ఆమె దాన్ని ముట్టుకోవడానికి భయపడింది. కొన్నాళ్ళకి గుత్తులు గుత్తులుగా దిగాయి. తేనెటీగలు పందిరినిండా మూగుతున్నాయి.

“తొలికాయలు కోసెయ్,” అంది పెద్దావిడ.

“కొయ్యను. ఒక్కటి కూడా. ఇవి ఆయనవి.”

“అన్నీ దాచుకుంటే తీగ తన పని అయిపోయిందనుకుని పూత ఆపేస్తుంది. లేతవి కోస్తేనే ఇంకా కాస్తుంది. గింజకి తర్వాతవి ఉంచుదాం.”

ఆమె ముందు ఒక్కో కాయనీ వేలితో తడిమింది. ఆ తర్వాత ఒక్కొక్కటే కోసింది. దోసెడు అయ్యాక ఇంట్లోకి వెళ్ళలేదు. పెద్దావిడ కొంగు అందుకుని అందులో పోసి ముడి వేసింది.

“నాకెందుకమ్మా? ఒంటిదాన్ని. పిల్లకి వండిపెట్టు.”

ఆమె గోడకున్న ఫొటో వైపు ఒకసారి చూసి, పెద్దావిడ వైపు తిరిగింది.

“రేపు జైలుకెళ్ళినప్పుడు మీ అబ్బాయికి పెట్టండి.”